నడుముకు టేపు చుట్టిన క్లినిక్: మహారాణిపేటలో ఎనిమిది నెలల వైద్యం

విశాఖపట్నం మహారాణిపేటలో, కింగ్ జార్జ్ ఆసుపత్రి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, ఒక పాత మేడ మొదటి అంతస్తులో ఉన్న పురుషుల ఆరోగ్య క్లినిక్‌కు నేను ఎనిమిది నెలలుగా వెళ్తున్నాను. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం పూట అక్కడ ఒక యూరాలజీ వైద్యుడు, ఒక మధుమేహ వైద్యురాలు పక్కపక్క గదుల్లో కూర్చుంటారు. అంగస్తంభన సమస్యతో వచ్చిన మనిషిని ముందు ఒకరు, తరువాత ఇంకొకరు చూసి, ఇద్దరూ కలిసి ఒకే చీటీ రాస్తారు. ఈ పద్ధతి నాకు చేసిన మేలును, మధ్యలో కలిగిన బాధను ఉన్నది ఉన్నట్టుగా చెప్పాలని ఇది రాస్తున్నాను. అక్కడి వరండాలో నాతో పాటు కూర్చున్నవారిలో చాలామంది ఇంట్లో వేరే పని చెప్పి వచ్చినవారు కాబట్టి క్లినిక్ పేరు మాత్రం రాయడం లేదు.

నా వయసు 53 ఏళ్ళు. 1957 నుంచి చమురు శుద్ధి జరుగుతున్న మల్కాపురం ప్రాంతంలోనే నా ఉద్యోగం. షిఫ్టు డ్యూటీలు, క్యాంటీన్ భోజనాలు, రాత్రి రెండు గంటలకు పునుగులు, టీ, పగలు నిద్ర, ఇదీ ఇరవై ఆరేళ్ళుగా నా దినచర్య. అంగస్తంభన తగ్గడం మొదలై రెండేళ్ళు దాటింది. మొదటి ఏడాది అలసట అనుకున్నాను. రెండో ఏడాది, ఆ ప్రస్తావన రాకుండా ఉండడానికి రాత్రి డ్యూటీలు అడిగి మరీ వేయించుకున్నాను. నా భార్య ఏమీ అనలేదు గాని, ఆమె మౌనం నాకు భారంగానే ఉండేది. ఎవరిని అడగాలో తెలియని మనిషికి ఈ ఊళ్ళో మొదట కనిపించేవి గోడల మీద అంటించిన కాగితాలు, లాడ్జి గదుల్లో నెలకు రెండు రోజులు మకాం పెట్టే వైద్యుల ప్రకటనలు. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులను ప్రచారం చేయడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించిందన్న సంగతి ఆ కాగితం చదివేవాడికి తెలియదు. నేనూ ఒకసారి అలాంటి నంబరుకు ఫోన్ చేశాను. పేరైనా అడగకుండానే డబ్బు పంపమనడంతో పెట్టేశాను. ఆ తరువాత మా కుటుంబ వైద్యుడి దగ్గర, బీపీ మాత్రల చీటీ తిరగరాయించుకొనే మిషతో, తలుపు దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగి వచ్చి మరీ అడిగాను. ఆయనే ఈ క్లినిక్‌కు పంపారు.

ముందుగా నాకు బాధ కలిగించిన విషయం చెప్తాను. మెట్లెక్కగానే ఎదురుగా టోకెన్ ఇచ్చే బల్ల ఉంటుంది, దానికి నాలుగు అడుగుల దూరంలోనే కుర్చీలు ఉంటాయి. అక్కడ కూర్చున్న అమ్మాయి పేరు, వయసు రాసుకొని, అందరికీ వినిపించే గొంతుతో ‘సమస్య ఏమిటండీ’ అని అడిగింది. నాకు తల కొట్టేసినంత పనైంది. ‘బీపీ’ అని చెప్పి కూర్చున్నాను. నా తరువాత వచ్చిన ముప్పై ఏళ్ళ కుర్రవాడు ఆ ప్రశ్న విని, ఫోన్ వచ్చినట్టు చెవికి పెట్టుకొని మెట్లు దిగి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమెకు అలాగే నేర్పారు. కానీ ఇటువంటి వైద్యం చేసేచోట ఆ ఒక్క ప్రశ్నను కాగితం మీద అడిగితే చాలు. రెండోసారి వెళ్ళినప్పుడు ఈ మాట వైద్యుడికి చెప్పాను. మూడోసారికి బల్ల మీద చిన్న చీటీలు పెట్టారు. సమస్యకు ఎదురుగా గీత పెట్టి మడిచి ఇస్తే సరిపోతుంది. కుర్చీలు మాత్రం ఇంకా అంతే దగ్గరగా ఉన్నాయి.

లోపలికి వెళ్ళాక పరిస్థితి పూర్తిగా వేరు. యూరాలజీ వైద్యుడు నలభై దాటిన మనిషి, మన శ్రీకాకుళం యాసలో నెమ్మదిగా మాట్లాడతారు. తలుపు తానే లేచి వేశారు. మొదటి ప్రశ్న అంగస్తంభన గురించి కాదు. ‘ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకొనే మాత్ర ఎప్పుడైనా వాడారా?’ అని అడిగారు. వాడలేదన్నాను. అటువంటి నైట్రేటు మందులు వాడేవారు, స్తంభన కోసం ఇచ్చే సిల్డెనాఫిల్ (వయాగ్రా) వంటి మాత్ర వేసుకుంటే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుందని, అది తేలకుండా ఇక ఏ మాటా మాట్లాడకూడదని చెప్పారు. ఆ తరువాత ఒక కాగితం ఇచ్చి, పక్కనున్న చిన్న గదిలో కూర్చుని నింపమన్నారు. ప్రపంచమంతా వాడే అయిదు ప్రశ్నల పత్రం అది. దాన్ని తెలుగులో, మర్యాదైన మాటల్లో, పెద్ద అక్షరాలతో అచ్చు వేయించారు. మొత్తం 25 మార్కులు. 22 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే లోపం లేదని లెక్క. నాకు 11 వచ్చాయి. రెండేళ్ళుగా లోలోపల నలిగిపోయిన విషయానికి ఒక అంకె రావడం నాకు విచిత్రమైన ఊరట ఇచ్చింది. అంకె ఉన్నదాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు, మళ్ళీ కొలవవచ్చు. ప్రెషర్ గేజీల మధ్య బతికిన నాకు ఆ భాష తెలుసు.

తెల్లవారుజామున నిద్ర లేచేటప్పుడు స్తంభన ఉంటుందా, ఒక్కసారిగా తగ్గిందా లేక నెలల తరబడి క్రమంగా తగ్గుతూ వచ్చిందా, కోరిక ఉందా, నిద్రలో గురక వస్తుందా అని ఒక్కొక్కటే అడిగారు. మనసు వల్ల వచ్చే ఇబ్బంది సాధారణంగా హఠాత్తుగా మొదలవుతుందని, అటువంటివారికి తెల్లవారుజాము స్తంభన మామూలుగానే ఉంటుందని వివరించారు. నాకు అదీ తగ్గిపోయింది. పరీక్ష చేసేటప్పుడు ఏం చేస్తున్నారో ముందుగా చెప్పి చేశారు, పాదాల మీద నాడిని కూడా పట్టి చూశారు. ఆ తరువాత టేపు తీశారు.

ఆ టేపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నేను ఎన్నో ఏళ్ళుగా 36 సైజు ప్యాంటే వేసుకుంటున్నాను, కాబట్టి నా నడుము 36 అంగుళాలని, అంటే 92 సెంటీమీటర్లకు లోపేనని నమ్మాను. వైద్యుడు బెల్టు తీయించి, చివరి పక్కటెముక ఎక్కడ ముగుస్తుందో, తుంటి ఎముక ఎక్కడ మొదలవుతుందో వేలితో చూసి, ఆ రెండింటి నడుమ పెన్నుతో చిన్న గుర్తు పెట్టారు. ఊపిరి మామూలుగా వదలమని చెప్పి, వదిలాక టేపు చుట్టారు. 104 సెంటీమీటర్లు. నా ప్యాంటు సైజు మారకపోవడానికి కారణం, బెల్టు ఏడాదికేడాది పొట్ట కిందికి జారుతూ వచ్చిందే. మన దేశపు పురుషులకు ఈ కొలత 90 సెంటీమీటర్లు దాటితే ప్రమాదంగా లెక్కించాలని చెబుతూ, ఆ అంకెను పత్రం మీద 11 పక్కనే రాశారు. ఆ రెండు అంకెలనూ అలా పక్కపక్కన పెట్టిన వైద్యుణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

మరుసటి రోజు పరగడుపున రక్తం ఇచ్చాను. బీపీ 142/92, చక్కెర 118, ట్రైగ్లిజరైడ్లు 236, మంచి కొలెస్ట్రాల్ 34 ఉన్నాయి. గుండె జబ్బుకు, మధుమేహానికి దారితీసే లోపాల గుంపును మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు, దాన్ని నిర్ణయించడానికి అయిదు గుర్తులు ఉన్నాయి. నడుము కొలత, బీపీ 130/85 లేదా పైన, పరగడుపు చక్కెర 100 లేదా పైన, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా పైన, మగవారిలో మంచి కొలెస్ట్రాల్ 40కి లోపు. వీటిలో ఏ మూడు ఉన్నా ఆ పేరు పెడతారు. నాకు అయిదూ ఉన్నాయి. నేను షుగరు రోగిని కాను, గుండె రోగినీ కాను, కాబట్టి ఆరోగ్యవంతుణ్ణే అనుకుంటూ వచ్చాను. మగ హార్మోను టెస్టోస్టిరాన్ మొదటిసారి 280 వచ్చింది. ఆ పరీక్ష ఉదయం పూటే, రెండు వేర్వేరు రోజుల్లో చేయాలని పట్టుబట్టి మళ్ళీ చేయిస్తే 310 వచ్చింది. పొట్ట తగ్గితే అది తనంతట తానే పెరిగే అవకాశం ఉందని చెప్పి ఇంజెక్షన్లు వద్దన్నారు. మొదటి అంకె చూసిన వెంటనే సూది పొడిచే చోట్లు ఉన్నాయని తెలిసినవాణ్ణి కాబట్టి, ఈ ఒక్క సంయమనానికే ఈ క్లినిక్‌ను మెచ్చుకుంటాను.

అదే రోజు గుండె వైద్యుడి దగ్గరికి పంపి ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించమన్నారు. సమస్య ఒకచోట ఉంటే ఇంకొక చోటికి పంపుతున్నారేమిటని నాకు చిరాకు వేసింది. యూరాలజీ వైద్యుడు కాగితం మీద రెండు గొట్టాలు గీశారు. అంగానికి రక్తం తీసుకెళ్ళే ధమనుల లోపలి వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండెకు వెళ్ళేవి మూడు నాలుగు మిల్లీమీటర్లు. కొవ్వు రెండింటిలోనూ ఒకేసారి పేరుకుంటూ ఉంటే ముందుగా ఇబ్బంది కనిపించేది సన్నని గొట్టంలోనే. అంగస్తంభన తగ్గిన రెండు నుంచి అయిదేళ్ళలో గుండె జబ్బు బయటపడినవారు ఎందరో ఉన్నారని, అందుకే ఈ లోపాన్ని గుండె ముందుగా పంపిన కబురుగా తీసుకోవాలని చెప్పారు. నా ట్రెడ్‌మిల్ పరీక్షలో తేడా ఏమీ రాలేదు. వచ్చి ఉంటే, సిగ్గుపడి రెండేళ్ళు వృథా చేసినందుకు నన్ను నేను క్షమించుకొనేవాణ్ణి కాదు.

ఇక నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణమైన సంభాషణ. నా ఉద్యోగం ఏమిటని అడిగినప్పుడు చెప్పాను. ‘అయితే హైడ్రోజన్ సల్ఫైడ్ మీకు బాగా తెలుసు’ అన్నారు. తెలియకపోవడం ఏమిటి? ముడి చమురులో ఉండే గంధకాన్ని హైడ్రోజన్‌తో విడదీసినప్పుడు పుట్టే వాయువు అది. గాలి కన్నా బరువైనది, గుంతల్లో నిలుస్తుంది. కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. నూరు పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళ గాలిలో నూరు పాళ్ళు, చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, ఇంకా పెరిగితే మనిషి ఉన్నచోటనే కూలిపోతాడు. ఇరవై ఆరేళ్ళుగా నా చొక్కా జేబుకు దాని మీటరు తగిలించుకొని తిరిగాను. అది పది పీపీఎం దగ్గర మోగగానే, గాలి ఎటు వీస్తోందో తెలిపే గుడ్డ గొట్టం వైపు చూసి, గాలికి ఎదురుగా పరుగెత్తడం మాకు నేర్పిన మొదటి పాఠం. అటువంటి వాయువును నా ఒళ్ళే తయారు చేసుకుంటోందని, అది తగ్గినందువల్ల కూడా నాకీ ఇబ్బంది వచ్చి ఉండవచ్చని ఆయన చెప్పినప్పుడు నేను నమ్మలేకపోయాను.

ఆ సాయంత్రం బయట జనం తక్కువగా ఉండడంతో ఆయన తీరిగ్గా వివరించారు. అంగంలో స్పాంజి వంటి కండరం ఉంటుంది. ఆ కండరం బిగుసుకొని ఉన్నంతసేపు రక్తం లోపలికి రాదు, అది సడలినప్పుడే రక్తం నిండి స్తంభన కలుగుతుంది. అంటే స్తంభనకు మూలం కండరం గట్టిపడడం అని మనం అనుకొనేది తప్పు; మూలం కండరం సడలడం. ఆ సడలమనే ఆజ్ఞను మోసే ముఖ్యమైన వాయువు నైట్రిక్ ఆక్సైడ్. రక్తనాళాల లోపలి పొర, నరాల చివరలు దాన్ని తయారు చేస్తాయి. ఈ వాయువు శరీరంలో సంకేతాలు మోస్తుందని కనుగొన్నందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడాది మార్చిలో సిల్డెనాఫిల్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. నైట్రిక్ ఆక్సైడ్ వల్ల కండరంలో జీఎంపీ అనే ఒక రసాయనం పుడుతుంది, ఒక ఎంజైము దాన్ని విరిచేస్తూ ఉంటుంది, ఆ ఎంజైమును మాత్ర ఆపుతుంది. తొట్టిలోకి కుళాయి నీళ్ళు వస్తుంటే మాత్ర తూము మూస్తుంది, అంతే. కుళాయిలోనే నీళ్ళు సన్నగిల్లితే తూము ఎంత గట్టిగా మూసినా తొట్టి నిండదు. పొట్ట కొవ్వు, ఇన్సులిన్ మాట వినని కండరాలు, పెరిగిన చక్కెర, బీపీ, ఇవన్నీ కలిసి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీసి ఆ కుళాయినే సన్నబరుస్తాయి. మధుమేహం ఉన్నవారిలో చాలామందికి మాత్ర సరిగా పనిచేయకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

హైడ్రోజన్ సల్ఫైడ్ రెండో కుళాయి వంటిది. మనం తినే మాంసకృత్తుల్లో ఉండే సిస్టైన్ అనే, గంధకం ఉన్న అమైనో ఆమ్లం నుంచి, సీబీఎస్, సీఎస్ఈ అనే రెండు ఎంజైములు దీన్ని అతి స్వల్ప మోతాదులో తయారు చేస్తాయి. ఈ వాయువు మెదడులో సంకేతంగా పనిచేస్తుందని 1996లో జపాన్ పరిశోధకులు అబే, కిమురా చెప్పేవరకు దీన్ని విషంగానే చూశారు. 2008లో, సీఎస్ఈ ఎంజైము లేకుండా పుట్టించిన ఎలుకలకు బీపీ పెరుగుతుందని తేలింది. 2009లో ఇటలీలోని నేపుల్స్ పరిశోధకులు, శస్త్రచికిత్సలో తీసిన మనిషి అంగ కణజాలపు ముక్కలను పరీక్షించి, ఆ రెండు ఎంజైములూ అక్కడి కండరంలోనే ఉన్నాయని, సిస్టైన్ ఇచ్చినా, ఈ వాయువును వదిలే లవణాన్ని ఇచ్చినా ఆ కండరం సడలుతుందని చూపించారు. కండరపు కణం గోడలో పొటాషియం బయటికి పోయే ద్వారాలను ఇది తెరుస్తుంది. అలా తెరిచినప్పుడు కాల్షియం లోపలికి రావడం తగ్గుతుంది, కాల్షియం తగ్గితే కండరం బిగువు వదులుతుంది. జీఎంపీని విరిచే ఎంజైములను కూడా ఇది కొంత అడ్డుకుంటుందని తరువాతి పరిశోధనలు చెప్పాయి. మధుమేహం కలిగించిన ఎలుకల్లో ఆ కణజాలంలో ఈ వాయువు తయారీ తగ్గినట్టు కనిపించింది. లోపలి పొర దెబ్బతిని మొదటి కుళాయి సన్నగిల్లినవారికి, కండరమే తయారు చేసుకొనే ఈ రెండోదాన్ని ఎలా వాడుకోవాలన్నదే పరిశోధకుల ఆశ.

ఇంత చెప్పి, ఆయన చివరిగా అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ‘ఇది శాస్త్రం, ఇంకా మందు కాలేదు. దీని పేరుతో ఎవరు ఏం అమ్మినా కొనకండి.’

కొన్నాను. ఆ మాట వినకముందే, అంటే మొదటిసారి మెట్లు దిగిన రోజునే, అదే మేడ కింది అంతస్తులోని మందుల దుకాణంలో బీపీ మాత్రలు తీసుకుంటుంటే, చీటీ పైభాగంలో క్లినిక్ పేరు చూసిన మనిషి గొంతు తగ్గించి, ‘దీంతో పాటు ఇది కూడా వాడితే తొందరగా గుణం కనిపిస్తుంది సార్’ అని ఒక డబ్బా చేతిలో పెట్టాడు. వెల్లుల్లి సారం, గంధకపు సమ్మేళనాలు, ఏవో మూలికలు. అరవై క్యాప్సూళ్ళు 1,850 రూపాయలు. సహజంగా రక్తనాళాలను తెరిచే సల్ఫైడ్ శక్తి అని దాని మీద రాసి ఉంది. మోతాదు ఎంతో లేదు, తయారీ లైసెన్సు నంబరు ఉండాల్సిన చోట సిరా చెరిగిపోయి ఉంది. నలభై రోజులు వాడాను. గుండెల్లో మంట, నోటి వాసన తప్ప మరేమీ రాలేదు. వెల్లుల్లి సంగతి పూర్తిగా అబద్ధం కూడా కాదు: వెల్లుల్లిని నలిపినప్పుడు పుట్టే పాలీసల్ఫైడ్ల నుంచి ఎర్ర రక్తకణాలు హైడ్రోజన్ సల్ఫైడ్ తయారు చేస్తాయని 2007లో అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం వారు చూపించారు. కానీ ప్రయోగశాలలో ఎలుక రక్తనాళపు ముక్క సడలడానికీ, 53 ఏళ్ళ మనిషికి పడకగదిలో ఉపయోగపడడానికీ మధ్య ఎంతో దూరం ఉంది. ఆ దూరాన్ని చెరిపేసి అమ్మడం మోసం. అంతకన్నా భయపెట్టేది ఇంకొకటి: మూలికల పేరుతో అమ్మే ఇటువంటి వాటిలో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపి దొరికిన సందర్భాలు అనేక దేశాల్లో ఉన్నాయి. గుండెకు నైట్రేటు మాత్ర వాడే పెద్దాయన ఎవరైనా తెలియక వేసుకుంటే ఆయన ప్రాణమే పోవచ్చు. డబ్బా తీసుకెళ్ళి చూపిస్తే వైద్యుడి ముఖం ఎర్రబడింది. దుకాణం తనది కాదని, మేడ యజమాని అద్దెకిచ్చాడని చెప్పారు. తనది కాకపోయినా, తన చీటీ నీడలో జరిగే అమ్మకం కాబట్టి ఆయన గోడ మీద ఒక హెచ్చరిక అయినా అంటించి ఉండాల్సింది. ఇప్పటికీ అంటించలేదు. ఈ క్లినిక్ మీద నాకు మిగిలిన పెద్ద ఫిర్యాదు ఇదే.

నాకు ఆయన రాసిన మందులు తక్కువే. పాత బీపీ మాత్ర అటెనోలాల్ స్తంభనకు కూడా అడ్డు కావచ్చని, మా కుటుంబ వైద్యుడితో ఫోన్‌లో మాట్లాడి టెల్మిసార్టాన్‌కు మార్చారు. అటువంటి మాత్రను ఒక్కసారిగా మానకూడదని, క్రమంగా తగ్గించాలని తేదీలు వేసి ఇచ్చారు. సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాములు, అవసరమైనప్పుడు, గంట ముందు, కడుపు నిండా బిర్యానీ తిన్న మీదట కాదు. కొవ్వు భోజనం మీద వేసుకుంటే అది ఎక్కడం ఆలస్యమవుతుందని, మాత్ర కోరికను పుట్టించదని, ఆ సమయంలో ప్రేమగా దగ్గరవడం అవసరమని ఆయన నాకు, నా భార్యకు కలిపి చెప్పారు. రెండో సందర్శనకు ఆమెను తీసుకురమ్మన్నది ఆయనే. ‘అమ్మా, ఆయన మీ మీద ఇష్టం తగ్గి దూరంగా ఉండలేదు, రక్తనాళాలు సహకరించక దూరంగా ఉన్నారు’ అని అన్నప్పుడు ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రెండేళ్ళుగా ఆమె తనలో తాను ఏమనుకుందో నాకు ఆ రోజే తెలిసింది. ఆ ఒక్క వాక్యానికి ఎంత ఫీజు ఇచ్చినా తక్కువే.

పక్క గదిలోని మధుమేహ వైద్యురాలి పని ఇంతకన్నా కష్టమైనది, ఎందుకంటే ఆమె మార్చమన్నది నా ఇరవై ఆరేళ్ళ అలవాట్లను. ఆమె ఇచ్చిన కాగితంలో దొరకని పేర్లు ఏవీ లేవు. రాత్రి అన్నం బదులు చోడి (రాగి) సంకటి గాని గంటెల (సజ్జ) రొట్టె గాని, పగలు సగం అన్నం, రెండింతలు కూర. వారానికి మూడు రోజులు కానగంత చేపలు, అవీ వేపుడు కాదు, పులుసు. రాత్రి డ్యూటీలో పునుగుల బదులు ఉడికించిన శనగలు. వెల్లుల్లి, ఉల్లి వంటలో ఎప్పటిలాగే వాడుకోవచ్చని, వాటిని మందుగా మాత్రం చూడవద్దని చెప్పారు. నేపుల్స్‌లోనే 2004లో, అంగస్తంభన లోపం ఉన్న స్థూలకాయులైన 110 మంది మగవారి మీద జరిగిన అధ్యయనం గురించి ఆమె చెప్పారు. మందులేవీ లేకుండా, తిండి తగ్గించి వ్యాయామం పెంచిన వర్గంలో రెండేళ్ళకు దాదాపు మూడో వంతు మందికి ఆ సామర్థ్యం తిరిగి వచ్చింది. మూడో వంతేనా అని నేను నిరుత్సాహపడితే, మిగిలిన రెండు వంతుల మందికీ బరువు, బీపీ తగ్గడం నష్టమేమీ కాదుగదా అన్నారు. అప్పటినుంచి డ్యూటీ లేని ప్రతి ఉదయం, వాహనాలను ఆపివేసే వేళలో, బీచ్ రోడ్డు మీద కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి కురుసుర జలాంతర్గామి దాటి చాలా దూరం వెళ్ళి తిరిగి వస్తున్నాను. మొదటి నెల మోకాళ్ళు నొప్పి పెట్టాయి. మూడో నెల నుంచి నా భార్య కూడా వస్తోంది, నాకన్నా వేగంగా నడుస్తోంది.

ఎనిమిదో నెల చివర టేపు మళ్ళీ అదే చోట చుట్టారు. 95 సెంటీమీటర్లు. బరువు 88 నుంచి 79 కిలోలకు దిగింది, బీపీ 126/80, పరగడుపు చక్కెర 101, ట్రైగ్లిజరైడ్లు 148, మంచి కొలెస్ట్రాల్ 38. టెస్టోస్టిరాన్ ఏ సూదీ లేకుండా 390కి చేరింది. అయిదు ప్రశ్నల పత్రంలో 18 మార్కులు వచ్చాయి. మాత్ర మొదట్లో నాలుగుసార్లకు రెండుసార్లే పనిచేసేది. ఇప్పుడు ప్రతిసారీ పనిచేస్తోంది, కొన్నిసార్లు దాని అవసరమే ఉండడం లేదు. పూర్తిగా నయమైందని చెప్పను, నా నడుము ఇంకా 90 దాటే ఉంది.

ఖర్చు సంగతి. వైద్యుడి ఫీజు 600, ఆమెది 500, పదిహేను రోజుల లోపు మళ్ళీ వెళితే తీసుకోరు. పరీక్షలన్నీ బయటి ల్యాబులోనే, మొత్తం మీద ఎనిమిది నెలల్లో అన్నీ కలిపి పద్నాలుగు వేలు దాటలేదు; ఆ పనికిరాని డబ్బా ధర అందులో కలపలేదు. రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ అవసరమా అని నేనే అడిగితే, మాత్రకు ఫలితం కనిపిస్తున్నప్పుడు అంగానికి సూది వేసి చేసే ఆ పరీక్ష అనవసరమన్నారు. నిరీక్షణ మాత్రం ఎక్కువ. ఆరు గంటల టోకెన్‌కు ఎనిమిదింటికి గాని పిలుపు రాదు, వరండాలో ఫ్యాను ఒక్కటే, మంచినీళ్ళ డబ్బా తరచూ ఖాళీగా ఉంటుంది. వయసు మళ్ళినవారికి ఆ నిటారు మెట్లు కష్టం, లిఫ్టు లేదు.

వెళ్ళాలనుకొనేవారికి నా అనుభవంతో కొన్ని మాటలు. శుక్రవారం కన్నా మంగళవారం జనం తక్కువ. ప్రస్తుతం వాడుతున్న ప్రతి మాత్ర ఖాళీ రేకు, నిద్రమాత్ర అయినా, గ్యాసు మాత్ర అయినా, కవరులో వేసుకొని వెళ్ళండి, ఎందుకంటే ఆయన వాటిని ఒక్కొక్కటిగా చదివి గాని మాట్లాడరు. టెస్టోస్టిరాన్ పరీక్ష రాస్తే ఉదయం పదకొండు లోపే రక్తం ఇవ్వండి. రెండోసారి వెళ్ళేటప్పుడు మీ ఆవిడను తీసుకెళ్ళండి. ఆమె కూర్చోవడానికి లోపలి గదిలో కిటికీ పక్కన ఒక కుర్చీ వేసి ఉంచుతారు. మందులు మాత్రం ఆ మేడ కింద కొనకుండా, రోడ్డు దాటి వేరే దుకాణంలో చీటీ చూపించి తీసుకోండి.